విద్యుత్ కారులో ఎల్లారెడ్డి దాకా

పూర్వం మనవారు పొరుగూరికి ప్రయాణం కట్టవలసివస్తే ముందు వారశూల చూచుకొనేవారు. తరువాత సద్దిమూట కట్టుకొనేవారు. విద్యుత్ కారులో బయలుదేరే నేటి ప్రయాణికునికి కూడ ఈ రెండూ తప్పవు. దారిలోని ఛార్జింగ్ కేంద్రాల పట్టికయే అతని పంచాంగం. కారు అడుగున అమర్చిన బ్యాటరీయే అతని సద్దిమూట. మూట ఎంత పెద్దదో తెలిసినంత మాత్రాన చాలదు. దానిని దారిలో ఎట్లు ఖర్చు పెట్టబోతున్నామో కూడ తెలియాలి. ఈ సంగతి నాకు ఒక సెలవునాడు కామారెడ్డి బాటలో అనుభవానికి వచ్చింది.

నాలుగు కార్లు, పదిమందిమి. అందరమూ విద్యుత్ వాహనాలంటే ముచ్చటపడేవారమే. హైదరాబాదునుండి 44వ జాతీయ రహదారిపై కామారెడ్డి సుమారు 115 కిలోమీటర్లు. అక్కడనుండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి మరి 40 కిలోమీటర్లు. రానుపోను 300 పైమాటే. మా కార్లలో చిన్నదాని బ్యాటరీ 30 యూనిట్లది. యూనిట్ అంటే మన ఇంటి మీటరు లెక్కించే యూనిటే. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపట్లో వాడుకొనే విద్యుత్తు. యూనిటుకు 7 కిలోమీటర్లు నడిచినా 30 యూనిట్లకు 210 కిలోమీటర్లే గదా! నడుమ ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు.

ఆ చిన్న కారు నడిపే మిత్రుడు ఉత్సాహవంతుడు. మేము గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటే అతడు 100 దాటనిచ్చాడు. వేగానికి గాలి పన్ను విధిస్తుంది. గాలి అడ్డు వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 80 నుండి 100కు వేగం పెరిగినది పావువంతే. గాలి అడ్డు పెరిగినది సగానికి మించి. యూనిటుకు 7 కిలోమీటర్లు నడవవలసిన కారు 5 కిలోమీటర్లే నడిచింది. అతడు మాకంటె పావుగంట ముందుగా కామారెడ్డి చేరాడు. కాని ఏడు యూనిట్లు అధికంగా ఖర్చు చేసి చేరాడు. 30 కిలోవాట్ల కేంద్రంలో ఆ ఏడు యూనిట్లు తిరిగి నింపడానికి పట్టేది పావుగంటే! ఆర్జించినదంతా అక్కడికక్కడే చెల్లు.

దారిలో రేడియో ఉద్యోగిగా నేను గమనించిన విషయం ఒకటి ఉన్నది. కారులో మీడియం వేవ్ పెట్టగానే గరగరమను ధ్వని వినవచ్చింది. బ్యాటరీనుండి వచ్చే ఏకముఖ విద్యుత్తును మోటారుకు అనువుగా మార్చే ఇన్వర్టరు క్షణానికి వేలసార్లు కలుపుతూ, తెంపుతూ ఉంటుంది. అందువల్ల పుట్టే తరంగాలే ప్రసారానికి అడ్డు తగులుతాయి. ఎఫ్.ఎం. ప్రసారానికి ఈ బాధ చాల తక్కువ.

కామారెడ్డిలో ఒక ఛార్జింగ్ కేంద్రం చేరేసరికి అక్కడ పనిచేస్తున్న గొట్టం ఒక్కటే. మా పెద్ద కారు దానికి తగిలించి ఉన్నది. 80 శాతం నిండింది. నూరు కానిమ్మని కూర్చున్నాము. కుండ అంచు దగ్గర నీరు మెల్లగా పోయవలసినట్లే, 80 దాటిన తరువాత బ్యాటరీ చెడకుండ ఉండడానికి విద్యుత్ ప్రవాహం తగ్గిపోతుంది. చివరి ఇరవై పాళ్లకు మొదటి అరవై పాళ్లంత సమయమూ పట్టవచ్చు.

అంతలో నిజామాబాదు వైపునుండి మరొక విద్యుత్ కారు వచ్చి నిలిచింది. వెనుక సీటులో ఒక వృద్ధురాలు పడుకొని ఉన్నది. ఆ సాయంకాలానికి ఆమెను హైదరాబాదులో ఆసుపత్రిలో చేర్చవలె. కుమారుడు మమ్ము ఏమీ అడుగలేదు. ఆ గొట్టంవైపే చూస్తూ నిలబడ్డాడు. విహారం మాది, అవసరం వారిది. మేము గొట్టం తీసి ఇచ్చాము. తరువాతి వంతు మా చిన్న కారుదే అయినా, దానిని ఒక హోటలువారి అనుమతితో 15 ఆంపియర్ల సాకెట్టుకు తగిలించాము. గంటకు 3 యూనిట్ల చొప్పున నాలుగు గంటలకు 12 యూనిట్లు. మిగిలిన ఏడుతో కలిపి 19. నెమ్మదిగా పోతే ఇల్లు చేరడానికి చాలును. మరొక కారును కూడ అక్కడే ఉంచి, పదిమందిమీ రెండు కార్లలో ఎల్లారెడ్డికి సాగినాము.

దారిలో లింగంపేటలోని నాగన్న మెట్లబావిని చూచినాము. ఎల్లారెడ్డిలో టీ దుకాణం దగ్గర ఒక పెద్దాయన కారు చుట్టూ తిరిగి, “కరెంటు పోతే ఎట్ల సారూ?” అని అడిగినాడు. పొద్దున జరిగినదంతా చెప్పినాను. ఆయన నవ్వి, “గంతేనా? ఒక్క బోరు మీద మేం నలుగురం పొలం పారిచ్చుకుంటం. వంతు పెట్టుకుంటం” అన్నాడు.

మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగర్ ఆ ప్రాంతానికి దగ్గరలోనే ఉన్నది. కాలువ నీటికైనా, బోరు నీటికైనా వంతు పాటించడం అక్కడివారికి కొత్తగాదు. రహదారుల వెంట 25 కిలోమీటర్లకు ఒక ఛార్జింగ్ కేంద్రమైనా ఉండాలని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2022 జనవరిలో మార్గదర్శకాలు వెలువరించింది. కేంద్రాలు పెరగవలసిందే. కాని ఉన్నవాటిని వాడుకొనే మర్యాద ముందు మనం నేర్చుకోవలె. 80 శాతం నిండగానే కారు తొలగించడం, అవసరమున్నవారికి ముందు చోటివ్వడం, వేగం కొంత తగ్గించుకోవడం: వీటికి ఎవరి ఉత్తరువూ అక్కరలేదు.

తిరుగు ప్రయాణంలో చిన్న కారు మా వెనుకనే, 80 దాటకుండ వచ్చింది.