పేరొస్తుంది సరే... పైసలో?

‘డబ్బులేం ఇచ్చుకోలేం బాబూ... కానీ నీకు బోలెడంత పేరొస్తుంది!’ సొంతంగా బొమ్మలేసుకుని బతికే ప్రతి చిత్రకారుడూ ఎప్పుడో ఒకప్పుడు వినే మాటే ఇది. సరేనంటే మూడు రోజుల శ్రమ పోతుంది. కాదంటే ముఖాలు మాడిపోతాయి. మరెలా?

పశ్చిమగోదావరి జిల్లా పెంటపాడు లాంటి ఊళ్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. పట్నంలో అయితే అడిగేది ముక్కూమొహం తెలియని కంపెనీ. ఇక్కడ అడిగేది వరసకి బాబాయి, చిన్నప్పుడు అక్షరాలు దిద్దించిన మాస్టారు, చవితి పందిరి వేసే వీధి కుర్రాళ్లు. ‘నీకిది చిటికెలో పని కదరా అబ్బాయ్’ అంటే, కాదనడానికి నోరు రాదు.

ఒకప్పుడు ఇంత ఇబ్బంది ఉండేది కాదు. గోడమీదో గుడ్డమీదో రాసే ఆర్టిస్టుకి రంగు డబ్బా, కుంచెలు, నిచ్చెన... ఖర్చు అందరి కళ్లకీ కనిపించేది. ఇప్పుడు బొమ్మ కంప్యూటర్‌లో పుడుతోంది. తాడేపల్లిగూడెం వెళ్లి ఫ్లెక్సీ వేయించుకునేవారు చదరపు అడుగుల లెక్కన డబ్బు కడతారు. అందులోని బొమ్మకి మాత్రం ‘దానికీ డబ్బులేనా’ అని ఆశ్చర్యపోతారు. కంటికి కనిపించని పనికి విలువ కట్టడం ఎవరికైనా కష్టమే!

అందుకే ముందుగా విలువ కట్టుకోవాల్సింది వేసేవారే. ఇంటి ఖర్చులకి నెలకి 20,000 రూపాయలు కావాలనుకుందాం. నెలలో 20 రోజులు పని దొరికితే రోజు విలువ 1,000. మూడు రోజులు కూర్చుని వేసిన బొమ్మను ఊరికే ఇచ్చారంటే, 3,000 రూపాయలు చేతిలో పెట్టినట్టే. అంత మొత్తం నోట్ల రూపంలో అడిగితే ఇస్తారా? ఇచ్చేటంత దగ్గరివాళ్లయితే బొమ్మా ఇవ్వొచ్చు. లేదంటే ఆలోచించాల్సిందే.

పేరు ముందా... పని ముందా?

‘పెద్దపెద్దవాళ్లే ఊరికే వేసిచ్చారు’ అంటుంటారు. నిజమే. ‘ఐ లవ్ న్యూయార్క్’ అంటూ ఎర్రటి గుండె బొమ్మతో టీషర్టుల మీద కనిపించే చిహ్నాన్ని మిల్టన్ గ్లేజర్ 1970ల్లో పైసా తీసుకోకుండానే గీశారు. కష్టాల్లో ఉన్న సొంత ఊరికి చేసిన సాయమది. కానీ అప్పటికే ఆయన పేరున్న డిజైనర్. పేరు కోసం ఉచితంగా చేయలేదు, పేరూ సంపాదనా ఉన్నాయి కాబట్టే చేయగలిగారు!

1971లో కరోలిన్ డేవిడ్సన్ అనే విద్యార్థిని నైకీ కంపెనీకి చిహ్నం గీసిచ్చి 35 డాలర్లు తీసుకుంది. తక్కువే అయినా అది కూలి. కంపెనీ ఎదిగాక 1983లో ఆమెకు వాటాలు కూడా ఇచ్చింది. అందరూ అలా తిరిగొచ్చి ఇస్తారని మాత్రం అనుకోలేం.

పోటీలదీ ఇదే కథ. మన రూపాయి గుర్తు కోసం కేంద్రం పోటీ పెడితే మూడు వేలకు పైగా నమూనాలు వెళ్లాయి. 2010లో ఎంపికైంది ఉదయకుమార్ గీసిన ఒక్కటే. ఆయనకు రెండున్నర లక్షల బహుమతి. మిగతా వేలమందిలో ఎక్కువ మందిది జీతం లేని పనే.

ఇక మన పక్కనున్న కృష్ణాజిల్లాలో పుట్టిన పింగళి వెంకయ్య సంగతి. జెండా ఎలా ఉండాలో ఆలోచించి 1916లోనే 30 నమూనాలతో పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో గాంధీజీకి పతాకం అందించారు. దేశం కోసం చేసిన పనికి ఆయన వెల కట్టలేదు. అయితే 1963లో కన్నుమూసే నాటికి ఆయన ఉన్నది పేదరికంలోనే. ఆశయానికి ఇవ్వడం గొప్ప విషయం. కానీ ఆ ఆశయం అన్నం పెట్టదన్నది ఇచ్చేముందే తెలిసుండాలి.

చట్టం ఏమంటోంది?

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి చిత్రం వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు తొలి హక్కుదారు డబ్బిచ్చినవారే. సొంతంగా పనిచేసుకునేవారు డబ్బు తీసుకోకుండా వేస్తే ఆ హక్కు వారిదే! ‘ఫ్రీగా ఇచ్చావుగా, ఇక మాదే’ అనడం కుదరదు. హక్కులు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో చేయాలి. గడువు రాయకపోతే అయిదేళ్లే. హక్కులు ఇచ్చేసినా, ఆ బొమ్మ తనదని చెప్పుకునే హక్కు మాత్రం చిత్రకారుడికి ఉంటుంది.

కాబట్టి గుడి సావనీరుకి ఉచితంగా వేసినా సరే ‘దీనికి మాత్రమే, నా పేరుతో’ అని ఓ కాగితం మీద రాసుకోవడం మంచిది. రేపు అదే బొమ్మ క్యాలెండర్ మీదికెక్కితే అడగడానికి ఆధారం ఉంటుంది.

చదివింపుల లెక్క

పెళ్లిలో చదివింపులు ఊరికే ఇచ్చినా, ఎవరు ఎంత ఇచ్చారో పుస్తకంలో రాస్తారు. బొమ్మకీ అదే పద్ధతి. ‘విలువ 3,000... చదివింపు 3,000... ఇవ్వాల్సింది సున్నా’ అని బిల్లు రాసిచ్చి చూడండి. మాట పట్టింపు రాదు. తీసుకున్నవారికి పని విలువ తెలుస్తుంది. మళ్లీసారి వచ్చేటప్పుడు ‘ఎంతవుతుంది?’ అని అడిగే అవకాశమూ ఉంటుంది.

ఎవరి దగ్గర తీసుకోవాలన్నదానికీ తేలికైన కొలబద్ద ఉంది. ఆ పనిలో మిగతావాళ్లకి డబ్బు ముడుతోందా? ప్రింటింగ్‌కీ, మైకుసెట్టుకీ, షామియానాకీ ఇస్తూ బొమ్మకే లేదంటే అది లేమి కాదు, లెక్కలేనితనం. ఎవరూ ఏమీ తీసుకోకుండా తలా ఓ చెయ్యి వేస్తున్న పని అయితే కుంచె కూడా కలపొచ్చు. అప్పుడూ ఏడాదికి ఒకటో రెండో అని ముందే గీత గీసుకుంటే, మూడోసారి ‘ఈ ఏటికి అయిపోయింది బాబాయ్’ అనడం కష్టం కాదు.

ఊరికే ఇవ్వడం తప్పేమీ కాదు. అది ఇచ్చేవారు తీసుకున్న నిర్ణయమైతే కానుక. అడిగేవారి నిర్ణయమైతే... వెట్టిచాకిరీ!