‘రివైవ్’ అనే మాటలో ఉన్న ఒప్పుకోలు

మన సంఘాల ఫ్లెక్సీల మీద తరచుగా కనిపించే ఇంగ్లీషు మాటల్లో ‘రివైవల్’ ఒకటి. మూడు రాత్రుల ఉజ్జీవ సభలు, తేదీలు, ప్రసంగీకుల ఫోటోలు. మాట ఎంతగా అలవాటైపోయిందంటే, దాని అర్థమేమిటని ఆగి అడగడం మానేశాం.

దీనికి మూలం ‘రివైవ్’ అనే క్రియ. లాటిన్‌లో ‘రె’ అంటే మళ్లీ, ‘వివెరె’ అంటే బ్రతకడం. నీళ్లలో మునిగి ఊపిరి ఆగినవాణ్ణి బ్రతికిస్తే రివైవ్ చేశారంటారు. ఏళ్ల తరబడి ఆగిపోయిన నాటకాన్ని తిరిగి ఆడించినా ఇదే మాట.

‘రెన్యూ’ వేరు, ‘రివైవ్’ వేరు. బండి ఇన్సూరెన్స్ గడువు తీరేలోగా డబ్బు కడితే అది రెన్యువల్. జీవిత బీమా వాయిదాలు కట్టక పాలసీ ల్యాప్స్ అయితే, దానికి కావలసింది రివైవల్. బకాయి వడ్డీతో కట్టాలి, ఒక్కోసారి ఆరోగ్యం గురించి రాసి ఇవ్వాలి. పాలసీ ల్యాప్స్ అయిందని ఒప్పుకోనివాడు ఆ ఫారం నింపడు. మన ఉజ్జీవ ప్రార్థనల్లో తరచుగా లోపించేది ఈ ఒప్పుకోలే. ‘మమ్మును ఉజ్జీవింపజేయుము’ అని అడగడమంటే, మాలో జీవం సన్నగిల్లిందని చెప్పుకోవడమే.

వాక్యంలో చూద్దాం. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ‘రివైవ్’ అన్న చాలా చోట్ల హెబ్రీలో ఉన్నది ‘బ్రదుకు’ అనే మామూలు క్రియే. మన తెలుగు బైబిలు దాన్ని సందర్భాన్ని బట్టి రకరకాలుగా చెప్పింది. యోసేపు బ్రతికే ఉన్నాడని తెలిసి యాకోబు ప్రాణం ‘తెప్పరిల్లింది’. దప్పికతో చావబోయిన సమ్సోను నీళ్లు త్రాగి ‘తెప్పరిల్లాడు’. 85వ కీర్తనలో ‘బ్రదికించు’, హబక్కూకు 3:2లో ‘నూతనపరచు’, యెషయా 57:15లో ‘ఉజ్జీవింపజేయు’ అని చదువుతాం.

ఈ చోట్లలో ఎవరూ తమను తాము బ్రదికించుకోలేదు. యాకోబుకు కబురు అందింది. సమ్సోనుకు దేవుడు నీళ్లిచ్చాడు. కీర్తనలోను, ప్రవక్తల మాటల్లోను కర్త దేవుడే. యెషయా ప్రకారం ఆయన ఉజ్జీవింపజేసేది వినయము గలవారిని, నలిగినవారిని. మైకుల శబ్దానికి అక్కడ చోటు లేదు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. రోమా 7:9లో అదే ఇంగ్లీషు బైబిలు పాపం ‘రివైవ్’ అయిందని చెబుతుంది. అంటే, మళ్లీ లేచిందల్లా మంచిది కాదు. సభలు ముగిసిన మర్నాడే కమిటీలో పాత తగాదా లేస్తే, కులాల లెక్కలు మళ్లీ మొదలైతే, మనలో మళ్లీ బ్రతికింది ఏమిటి?

1904లో వేల్స్ దేశంలో వచ్చిన ఉజ్జీవాన్ని తలచుకునేవారు అక్కడి పాటలతో పాటు, జనం తీర్చిన పాత అప్పులను కూడా చెప్పుకుంటారు. జీవం తిరిగి వచ్చిందనడానికి గుర్తు అలాంటిదే.

85వ కీర్తన ప్రార్థనలో కర్మ ‘మమ్మును’. యువతను కాదు, పక్క సంఘాన్ని కాదు. బీమా బకాయి మనమే కట్టాలి. ఈ బకాయిని మాత్రం ప్రభువు సిలువలో చెల్లించాడు. మనకు మిగిలింది ఒప్పుకోవడమే. ఈసారి సభలకు తేదీలు పెట్టుకునే ముందు, పెద్దలమందరం కలిసి కూర్చుని, ఏది ల్యాప్స్ అయిందో ప్రభువు ముందు పేరు పెట్టి చెప్పుకుందాం.