జూదమూ జబ్బే, మందలిస్తే పోదు, వైద్యంతో తగ్గుతుంది

భీమవరం: సంక్రాంతి మూడు రోజులూ గోదావరి జిల్లాల్లో కోడిపందేల బరులు, వాటి పక్కనే గుండాట, పేకాట శిబిరాలు వెలుస్తాయి. సరదాకు పదో పరకో ఒడ్డి, కనుమ మర్నాడు పనిలోకి పోయేవారితో బెంగ లేదు. పండుగ వెళ్లినా ముక్కలు కింద పెట్టలేనివారిదే సమస్య. ఇప్పుడు సెల్‌ఫోనే శిబిరమైంది.

1974 నుంచి గేమింగ్ చట్టం వున్నది. ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో నిషేధించారు. డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలపై 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. చట్టం శిబిరాన్ని మూయించగలదు గాని మనిషిలోని యావను మాన్పలేదు. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో దీనిని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చారు.

గుర్తు పట్టడమెలా?

వంద ఒడ్డినవానికి కొన్నాళ్లకు వెయ్యి ఒడ్డితే గాని ఆడినట్లుండదు. ఆడని రోజున చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఒట్టు పెట్టుకొని తప్పడం, ‘పోయినచోటే వెతుక్కోవాలి’ అంటూ మళ్లీ అప్పు చేయడం, ఇంట్లో నగలు చెప్పకుండా తాకట్టుకు చేరడం జబ్బు ముదిరిన లక్షణాలు. వైద్యులు ముందుగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఇంకా ఇంకా ఎక్కువ ఒడ్డాలనిపించిందా? ఎంత ఆడినదీ అయినవారి దగ్గర దాచి అబద్ధమాడవలసి వచ్చిందా? ఒక్కదానికి అవునన్నా పూర్తి పరీక్ష అవసరమే.

అప్పు తీర్చడమే మందు కాదు

పరువు పోతుందని ఇంటివారు పొలం అమ్మి అప్పు తీరుస్తారు. ధృతరాష్ట్రుడు పోయినదంతా తిరిగి ఇచ్చినా, పిలుపు రాగానే ధర్మరాజు మళ్లీ పాచికలకు కూర్చున్నాడు. కాబట్టి ముందు అప్పులన్నీ దాచకుండా కాగితం మీద రాయించాలి. జీతం, బ్యాంకు కార్డు కొంతకాలం ఇంటివారి చేతిలో వుండాలి. అప్పులు వాయిదాల మీద తీర్చుకోవాలి.

వైద్యమేమిటి?

కొన్ని నెలలపాటు విడతలుగా జరిగే మానసిక చికిత్స ఇందులో ముఖ్యం. ‘ఐదాటలు పోయాయి గనుక ఆరోది నాదే’ అన్న భ్రమను చికిత్సలో పోగొడతారు. వెనుకటి ఆటకూ వచ్చే ముక్కకూ సంబంధం లేదు. ఆట గుర్తుకొచ్చే వేళలు, స్నేహాలు గుర్తించి తప్పుకోవడం నేర్పుతారు. దిగులు, తాగుడు తోడైతే వాటికీ మందులిస్తారు. అప్పులవాడు చావు మాట ఎత్తితే బెదిరింపని కొట్టి పారేయరాదు. ఒంటరిగా వదలక వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ప్రభుత్వ బోధనాస్పత్రుల్లోని మానసిక వైద్య విభాగాలను సంప్రదించవచ్చు. టెలి మానస్ 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మానినవాడు ఒకసారి జారినంత మాత్రాన వైద్యం వ్యర్థమైనట్లు కాదు. మర్నాడే మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లాలి.