మొదటి మాట గేటు దగ్గరే

సర్కారు దవాఖానాలో డాక్టరు కంటే ముందు రోగితో మాట్లాడేది సెక్యూరిటీ గార్డు. ఆ మాటను బట్టి వైద్యం ఐదు నిమిషాలు ముందుకో వెనక్కో జరుగుతుంది. ఇంత బరువున్న కొలువును మనం ఇంకా కాపలా పనిగానే చూస్తున్నాం.

"అన్నా, పిల్లల డాక్టరు వచ్చిండా?"
"ఓపీ చీటీ ఏడ రాస్తరు?"
"స్కానింగు గది ఎటు బాబూ?"

పొద్దెక్కిందంటే సామాజిక ఆరోగ్య కేంద్రం గుమ్మంలో ఈ ప్రశ్నలకు అంతుండదు. జాతీయ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 1,20,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 80,000 మందికి ఇలాంటి కేంద్రం ఒకటి ఉండాలి. ముప్పై పడకలుండాలి. చుట్టూ ఉన్న నాలుగు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు తమవల్ల కాని కేసుల్ని ఇక్కడికే పంపాలి. అంటే ఆ నాలుగు కేంద్రాల పరిధిలోని కాన్పులు, జ్వరాలు, బండి ప్రమాదాలు అన్నీ ఒక్క గుమ్మంలోంచే లోపలికి పోవాలి. ఆ గుమ్మంలో నిలబడి ఎవరిని ఏ గదికి పంపాలో చెప్పేది నర్సు కాదు, కాంపౌండరు కాదు. ఏజెన్సీ ఇచ్చిన యూనిఫాం తొడుక్కున్న గార్డు.

సీసా తేవాలి, పాము అక్కర్లేదు

ఓపీ అయిపోయాక ఆసుపత్రిలో మనుషులు పలచబడతారు. రాత్రి ఒక డ్యూటీ డాక్టరు, ఒకరిద్దరు నర్సులు, గేటు దగ్గర ఒక గార్డు. ఆటో వచ్చి ఆగగానే స్ట్రెచర్ లాగేదీ, డాక్టరును లేపేదీ అతనే.

పురుగుమందు తాగిన మనిషిని తెస్తే ముందు అడగాల్సింది ఊరూ పేరూ కాదు, మందు సీసా ఏదని. ఆర్గానోఫాస్ఫేట్ రకానికైతే అట్రోపిన్ ఉంది. పారాక్వాట్ గడ్డిమందుకు విరుగుడే లేదు, చికిత్స దారి వేరు. సీసా ఇంటి దగ్గరే వదిలేసి వచ్చుంటే వెంటనే ఫోన్ చేయించి లేబుల్ ఫొటో తెప్పించమని చెప్పాలి.

పాము కాటుకు లెక్క తిరగబడుతుంది. చాలామంది పామును కొట్టి సంచిలో వేసుకొచ్చి చూపిస్తారు. దాన్ని వెతికి చంపేలోగా విలువైన సమయం పోతుంది, ఇంకొకరిని కాటేసే ప్రమాదమూ ఉంది. మన దగ్గర ఇచ్చే విరుగుడు సూది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే. లక్షణాలు చూసి వైద్యం చేస్తారు, పాము అక్కర్లేదు. ఈ రెండు విషయాలూ గార్డుకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? చాలాచోట్ల చూసి నేర్చుకోవడమే.

రోడ్డు ప్రమాదం కేసులో మరో చిక్కు. గాయపడ్డవాణ్ని దారిన పోయే మనిషి తెచ్చి దింపుతాడు. "పేరు, ఫోన్ నంబరు రాసి పో" అని గార్డు ఆపితే అతను మళ్లీ జన్మలో ఎవరినీ బండెక్కించుకోడు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 134ఏ సెక్షన్ అలాంటివారికి రక్షణ ఇచ్చింది. ఇష్టం లేకపోతే పేరు చెప్పకుండానే వెళ్లిపోవచ్చు. ఆ సంగతి చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, గేటు మనిషికి తెలియాలి.

గొడవ ఎక్కడ మొదలవుతుంది?

డాక్టరు కనబడకపోవడం, లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పకపోవడం, ఆఖరికి "పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అనడం. బంధువుల కోపం చాలాసార్లు ఈ మూడింటి నుంచే పుడుతుంది. మొదటి దెబ్బ పడేది గేటు దగ్గరున్నవాడి మీద. ఆసుపత్రులపై దాడులకు మూడేళ్ల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా విధించే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే వచ్చింది. గోడ మీద బోర్డూ ఉంటుంది. కానీ ఇరవై మంది ఒక్కసారి తోసుకొస్తే అక్కడ ఉండేది ఒక లాఠీ, ఒక మనిషి.

2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలిపై జరిగిన అఘాయిత్యం తర్వాత, దాడి జరిగిన ఆరు గంటల్లో ఎఫ్‌ఐఆర్ పెట్టించాలని కేంద్ర ఆరోగ్య శాఖ ఆదేశించింది. సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. ఆ కేసులో దోషిగా తేలింది పోలీసులతో కలిసి పనిచేసే సివిక్ వాలంటీరు. తెలిసిన మొహమని, ఫలానావారి మనిషని లోపలికి వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. అయితే ఎమ్మెల్యే గారి అనుచరుణ్ని గేటు దగ్గర ఆపిన గార్డు మర్నాడు ఉద్యోగంలో ఉంటాడని హామీ ఇచ్చేదెవరు?

చేయి చాపే గేటు

ఇంకో మాట దాచకుండా చెప్పుకోవాలి. కాన్పు వార్డు గేటు దగ్గర మగబిడ్డయితే ఒక రేటు, ఆడబిడ్డయితే ఒక రేటు అడిగారనే ఫిర్యాదులు పాతవే. జీతం తక్కువని దీన్ని సమర్థించలేం. అలాగని జీతం సంగతి పక్కన పెట్టీ దీన్ని ఆపలేం. ఈ కొలువులు ఎక్కువగా ఔట్‌సోర్సింగువి. టెండరు మారితే ఏజెన్సీ మారుతుంది. జీతం మాత్రం నెలలు గడిచినా పడదన్న గోడు తరచూ వినిపిస్తుంది. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలన్నది చట్టం. కాంట్రాక్టరు ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే చెల్లించాలన్నదీ చట్టమే. పీఎఫ్‌కు 12 శాతం, ఈఎస్‌ఐకి 0.75 శాతం జీతంలోంచి కోస్తారు. ఏజెన్సీ తన వాటాతో కలిపి ఆ సొమ్ము కడుతోందో లేదో చూడాల్సిన బాధ్యత ఆసుపత్రి అధికారులకు లేదా?

శిక్షణదీ ఇదే కథ. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లో వచ్చింది. మరుసటి ఏడాది కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనలు గార్డుకు 100 గంటల తరగతులు, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలన్నాయి. మంటలార్పడం, గుంపును అదుపు చేయడం, గుర్తింపు కార్డు పరిశీలించడం అందులో ఉన్నాయి. నొప్పులతో వచ్చిన తల్లిని వరుసలో నిలబెట్టకూడదని, బిడ్డ పోయిన ఇంటివాళ్లతో గొంతు తగ్గించి మాట్లాడాలని ఆసుపత్రే నేర్పుకోవాలి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు. కొత్త గార్డు చేరగానే హెడ్ నర్సు రెండు పూటలు కేటాయిస్తే చాలు. కాన్పు వార్డు దగ్గర మహిళా గార్డు, రాత్రికి కనీసం ఇద్దరు, నేరుగా పోలీస్ స్టేషనుకు మోగే అలారం, 7వ తేదీకల్లా జీతం: ఈ నాలుగూ ఇచ్చాకే గేటు దగ్గర క్రమశిక్షణ గురించి అడిగే హక్కు అధికారులకు ఉంటుంది.

మన వంతూ కొంత ఉంది. రోగి వెంట ఒక్కరే లోపలికి వెళ్లండి. పాత చీటీలు, వాడుతున్న మందులు చేతిలో పట్టుకెళ్లండి. గార్డు డబ్బులడిగితే ఇవ్వకండి, సూపరింటెండెంటుకు చెప్పండి. లోపలికి వదల్లేదని అతని మీద చేయి మాత్రం ఎత్తకండి. ఏదో ఒక అర్ధరాత్రి మీ ఇంటి మనిషి కోసం స్ట్రెచర్ తోయాల్సింది అతనే.