సీడీ 57 పడిపోయిందంటే...



న్యూజెర్సీలో ఉంటున్న ఒక సహోదరి ఈ మధ్య ప్రార్థన మనవి పంపారు. "అయ్యగారూ, నా సీడీ 57 40కి పడిపోయింది. లైమ్ జబ్బు ఒంట్లో పాతుకుపోయిందంటున్నారు." అక్కడి మన తెలుగు కుటుంబాలకు పనికొస్తుందని ఆ 40 సంగతి రాస్తున్నాను.

లైమ్ అనేది కనెక్టికట్ రాష్ట్రంలో ఒక ఊరు. 1975 ప్రాంతంలో అక్కడి పిల్లలకు కీళ్లు వాచిపోతుంటే ఈ జబ్బు బయటపడింది. జింకల మీద ఉండే ఒక రకం పిడుదు కుడితే బొర్రేలియా అనే బాక్టీరియా ఒంట్లో చేరుతుంది. తొలిదశలోనే రెండు మూడు వారాలు డాక్సీసైక్లిన్ వాడితే చాలామందికి నయమవుతుంది. కొందరికి మాత్రం నీరసం, ఒళ్లునొప్పులు, మతిమరుపు నెలల తరబడి ఉండిపోతాయి.

మన రక్తంలో నేచురల్ కిల్లర్ కణాలని కొన్ని రక్షక కణాలున్నాయి. వాటిలో కొన్నింటి మీద ఉండే గుర్తు పేరే సీడీ 57. దీర్ఘకాల లైమ్ ఉన్నవారిలో ఈ గుర్తున్న కణాలు తగ్గుతాయని 2001లో స్ట్రికర్, వింగర్ అనే ఇద్దరు రాశారు. పరీక్ష అలా వాడుకలోకి వచ్చింది. కానీ 2009లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు లైమ్ తర్వాత బాధలు మిగిలినవారినీ, కోలుకున్నవారినీ, అసలు జబ్బే రానివారినీ పోల్చి చూస్తే తేడా కనబడలేదు. కాబట్టి ఆ అంకెను చూసి జబ్బు ఉందనీ చెప్పలేం, తగ్గిందనీ చెప్పలేం.

అంకెతో ఆగితే పర్వాలేదు. దాన్ని పెంచాలని నెలల తరబడి నరంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కిస్తారు. 90 రోజులు మందిచ్చి చూసిన పరిశోధనలో ఉత్తుత్తి మందుకన్నా మేలేమీ కనబడలేదు. నరంలో ఉంచిన గొట్టం ద్వారా ఇన్‌ఫెక్షన్ సోకి ప్రాణాలు పోయినవారూ ఉన్నారు.

అలాగని ఆమె బాధ అబద్ధం కాదు. "రిపోర్టులో ఏమీ లేదు కదా, విశ్వాసంతో లేచి నడవమ్మా" అనే పెద్దలు మన సంఘాల్లోనే ఉన్నారు. మార్కు సువార్తలో పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు పోసిన స్త్రీని ప్రభువు అలా గద్దించలేదు.

థైరాయిడ్, బి12, రక్తహీనత, నిద్ర, మనోవేదన, వీటన్నిటి గురించీ మామూలు డాక్టరుతో మాట్లాడమని ఆ సహోదరికి రాశాను. ప్రార్థన జాబితాలో ఆమె పేరు అలాగే ఉంది, 40 మాత్రం తీసేశాం.