ఏకపాత్ర - ఊరంతా పాత్రధారులే

ఏకపాత్రాభినయం అనగానే మనకు గుర్తొచ్చేది గద భుజానేసుకుని మీసం మెలివేసే దుర్యోధనుడు. ప్రతి కాలేజీ వార్షికోత్సవంలోనూ ఎవరో ఒకరు ఆ వేషం కడతారు. పది నిమిషాలు గర్జించి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోతారు. నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. అయితే వేషం, తెర, రంగుదీపాలు ఏవీ లేకుండా, చూడవచ్చినవాళ్లతో మాట్లాడుతూ ఒక్క మనిషే గంటకు పైగా నాటకం నడిపే పద్ధతి ఒకటుంది. మా పరిగి లాంటి ఊళ్లకు అది ఎంత అవసరమో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక్కరే అన్ని పాత్రలూ కావడం తెలుగువాళ్లకు కొత్త కాదు. హరికథకు పితామహుడనిపించుకున్న ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) గారి సంప్రదాయం అదే కదా! కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు. రాజూ, మంత్రీ, దాసీ అందరూ హరిదాసుగారే. మధ్యలో కథ ఆపి, కునుకు తీస్తున్న పెద్దమనిషి మీద ఒక ఛలోక్తి విసిరి, మళ్లీ కథలోకి వెళ్లిపోతారు. సభికుణ్ణి కథలోకి లాగే విద్య మనకు అప్పటినుంచే ఉంది.

ఇక సహజంగా మాట్లాడే నటన సంగతి. ధర్మవరం పేరునే ఇంటిపేరుగా మోసిన రామకృష్ణమాచార్యులు (1853-1912) బళ్లారిలో సరస వినోదిని సభను నడిపి ఆంధ్ర నాటక పితామహుడయ్యారు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టారు. రాగాలు తీసి పద్యాలు పాడితేనే నాటకమనుకునే రోజుల్లో, పాత్ర మనసెరిగి మాట్లాడటమే నటన అని ఆయన చేసి చూపించారు. ప్రేక్షకుడు రెండడుగుల దూరంలో కూర్చునే నాటకానికి ఈ గుణమే ప్రాణం.

అలాంటి నాటకమొకటి ఇంగ్లండులో 2013లో మొదలైంది. పేరు ‘ఎవ్రీ బ్రిలియంట్ థింగ్’. జానీ డొనహోతో కలిసి డంకన్ మెక్‌మిలన్ రాశారు, డొనహోయే నటించారు. కథ చిన్నది. ఏడేళ్ల పిల్లవాడి తల్లి బతుకు మీద విరక్తితో ప్రాణం తీసుకోబోయి ఆసుపత్రి పాలవుతుంది. లోకంలో బతకడానికి తగిన మంచివన్నీ ఆ పిల్లవాడు అమ్మకోసం ఒక జాబితాగా రాయడం మొదలుపెడతాడు. మొదటిది ఐస్‌క్రీం. అతనితోపాటు జాబితా కూడా పెరిగి చివరకు పదిలక్షలకు చేరుతుంది.

దీన్ని ఆడే తీరు గమనించదగినది. ప్రేక్షకులు చుట్టూ కూర్చుంటారు. దీపాలు ఆర్పరు, ఒకరి ముఖం ఒకరికి కనబడుతూనే ఉంటుంది. ఆట మొదలుకాకముందే నటుడు అందరినీ పలకరిస్తూ నంబర్లు వేసిన చీటీలు పంచుతాడు. కథలో అతను నంబరు పిలవగానే ఆ చీటీ ఉన్నవాళ్లు గట్టిగా చదవాలి. ప్రేక్షకుల్లోంచే ఒకరు తండ్రి అవుతారు, ఒకరు బడిలో ధైర్యం చెప్పే టీచరమ్మ అవుతారు. మన దేశంలో క్వాసర్ ఠాకూర్ పదంసీ దర్శకత్వంలో వివేక్ మదన్ దీన్ని ప్రదర్శించారు.

సైన్సు విద్యార్థిగా నాకు ఇది ఒక ప్రయోగంలా తోస్తుంది. పరికరాలు ఒక్కొక్కటే తీసేస్తూ పోతే నాటకానికి చివరకు ఏది తప్పనిసరి? చెప్పేవాడొకడు, వినేవాళ్లు కొందరు. అంతే.

మరి మనకెందుకు? 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన మా పరిగి అంతకుముందు అనంతపురం జిల్లాలోదే. ఆ పాత జిల్లాకు ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. శెనక్కాయ విత్తినవాడికి ఆకాశమే దిక్కు. కరువూ అప్పులూ కలిసి ఎందరు రైతుల ప్రాణాలు తీశాయో మనకెవరూ చెప్పనక్కరలేదు. సేద్యం ఇళ్లలో పుట్టిన మాకు ఒక సంగతి బాగా తెలుసు: పంట పోయిందని నలుగురిలో చెప్పుకుంటాం గానీ, మనసు చచ్చిపోయిందని చెప్పుకోం. అది నామోషీ. ఈ నాటకంలో ఆ మాట అందరి ముందూ వెలుతురులో వస్తుంది. చీటీ చదివినవాడు తన గొంతు తానే వింటాడు. పక్కవాడు నవ్వుతాడు, లేదా కళ్లు తుడుచుకుంటాడు. జాబితా జబ్బును నయం చేయదని నాటకమే ఒప్పుకుంటుంది. మాట్లాడటం మాత్రం మొదలవుతుంది. వైద్యం వైద్యులే చెయ్యాలి. అందుకే ఆట ముగిశాక 14416 నంబరు కూడా అందరికీ చెప్పాలి. అది 2022లో ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

రచయిత అనుమతి తెచ్చుకుని దీన్ని తెలుగు చేసుకోవచ్చు, లేదా మన కథే మనం రాసుకోవచ్చు. ఖర్చు నాలుగు జంపఖానాలు, ఒక కాగితాల కట్ట. రచ్చబండ చాలు, బడి వరండా చాలు. చీటీల్లో మాత్రం మన బతుకుండాలి: తొలివానకు తడిసిన ఎర్రమట్టి వాసన, వేడి రాగిసంగటిలో ఊరుబిండి, హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్లకు మంచి ధర పలికిన పొద్దు.

మిత్రులారా, వచ్చే ఏడు మన యూనియన్ ఈ పనికి పూనుకోవాలని నా కోరిక. మొదటి చీటీ నేను రాసిపెట్టాను: పరిగి చెరువు మరువ పారిన రోజు. రెండోది మీరు రాయండి.