తాతగారి చేతికర్రని తూకానికి వెయ్యకండి!

వేసవి వచ్చిందంటే నూజివీడు చుట్టుపక్కల ఇళ్ళల్లో ఆవకాయ హడావుడి మొదలు. జాడీల కోసం అటకెక్కినవాళ్ళు పనిలోపనిగా పాత సామానంతా కిందికి దింపేస్తారు. ఇత్తడి బిందెలు, పగిలిన లాంతర్లు... వాటి మధ్య పాత పంచెలో చుట్టిన చేతికర్ర ఒకటి! "ఇప్పుడిదెవరు పట్టుకుంటారు? వెండి పిడి ఊడదీసి తూకానికిచ్చేస్తే సరి" అంటారు ఇంట్లో ఎవరో ఒకరు.

ఒక్క నిమిషం ఆగండి. పిడి ఊడదీస్తే మీ చేతికొచ్చేది వెండి ఖరీదు మాత్రమే. పాత చేతికర్రలు సేకరించేవాళ్ళు దేశవిదేశాల్లో ఉన్నారు. వాళ్ళు చూసేది పిడి, కర్ర, పొన్ను మూడూ కలిసి ఉన్నాయా, అది ఎవరిది అన్న సంగతులే.

హోదా ఎలా వచ్చింది?

మామిడితోటలో కర్రలు రెండు రకాలు. చివర చిక్కం కట్టిన పొడుగాటి గడ కాయ దింపే కూలీది. నున్నటి పిడి ఉన్న పొట్టికర్ర తోట ఆసామిది. ఏ కొమ్మ కొయ్యాలో చూపించడానికన్నమాట! కర్ర పట్టుకు తిరిగే చెయ్యి నాగలి పట్టనక్కర్లేదని లోకానికి చెప్పడమే అందులోని దర్జా. పెళ్ళిలో కాశీయాత్ర కర్ర వైరాగ్యానికి గుర్తయితే, ఈ పొన్నుకర్ర వైభవానికి గుర్తు.

యూరప్‌లో 18, 19 శతాబ్దాల్లో పెద్దమనిషి దుస్తుల్లో చేతికర్ర కూడా ఒక భాగం. తెల్లదొరలతో పాటు ఆ ఫ్యాషన్ మన సంస్థానాలకూ, జమీందారీలకూ వచ్చింది. మేకా వంశపు జమీందారులేలిన నూజివీడు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. కర్రల దర్జా కూడా మెల్లగా తగ్గిపోయింది.

ఆ దర్జా ఎలాంటిదో చూడాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళండి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) సేకరించిన వస్తువుల్లో చేతికర్రలూ ఉన్నాయి. 1951లో దివాన్ దేవిడీలో మొదలైన ఆ మ్యూజియం 1968లో ఇప్పుడున్న భవనంలోకి మారింది.

మీ ఇంటి కర్ర సంగతి?

* నల్లగా, బరువుగా ఉంటే తుమికి చేవ కావచ్చు. బీడీ ఆకు చెట్టే అది! దాని నల్లటి చేవని ఇంగ్లీషువాళ్ళు మన తీరం పేరుతో కోరమాండల్ ఎబొనీ అన్నారు. గోధుమరంగులో తేలిగ్గా, కణుపులతో ఉంటే అది పేము.

* వెండి పిడి మీద భూతద్దంతో వెతకండి. నడుస్తున్న సింహం గుర్తుంటే ఇంగ్లండు వెండి. పక్కనుండే అక్షరం ఏ ఏడాదిదో చెబుతుంది. చింతపండు పెట్టి గట్టిగా తోమితే ఆ గుర్తులు అరిగిపోతాయి.

* తెల్లటి పిడి దంతమా, ఎముకా? దంతం అడ్డుకోత మీద వల అల్లినట్టు సన్నటి గీతలు కనిపిస్తాయి. ఎముకకైతే చిన్న చిన్న నల్ల చుక్కలుంటాయి. కాల్చిన సూదితో గుచ్చి చూడకండి, వస్తువు పాడవుతుంది.

* నీళ్ళతో కడగొద్దు. పొడిగుడ్డతో తుడిచి, చెమ్మ, చెదలు చేరని చోట పెట్టండి.

చట్టం కూడా తెలుసుకోండి

ఏనుగు దంతం పిడి ఎంత అందంగా ఉన్నా అమ్మకూడదు, కొనకూడదు. భారతీయ ఏనుగు దంతం వ్యాపారాన్ని 1986లో, ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని 1991లో నిషేధించారు. మీ ఇంట్లో ఉన్నదానికి పత్రం ఉందో లేదో అటవీ శాఖ వారినడిగి తేల్చుకోండి. పిడి తిప్పితే లోపల్నుంచి కత్తి వచ్చే కర్రని గుప్తి అంటారు. అది ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. నూరేళ్ళు దాటిన కళావస్తువు 1972 పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువే. అమెరికాలో ఉన్న అబ్బాయికి పెట్టెలో పెట్టి పంపించెయ్యడం కుదరదు! అలాంటివి కొని అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. గుమ్మంలోకొచ్చి బేరమాడే మనిషిని ముందు అది అడగండి.

మరి అమ్మ చేతికో?

ఇన్నాళ్ళూ ఆ కర్రని తుడిచి, గుమ్మం దగ్గర అందించింది ఇల్లాలే. కానీ మోకాళ్ళ నొప్పులొచ్చినప్పుడు ఆవిడ కర్ర పట్టుకోదు. గోడ పట్టుకుని నడుస్తుంది. మగవాడి చేతిలో హోదా అయింది, తన చేతిలోకొచ్చేసరికి ముసలితనం అనిపిస్తుంది మరి! ఆ మొహమాటంతో జారిపడితే, తుంటి ఎముక విరిగితే మంచానికి పరిమితమైపోయేది ఆవిడే.

అయితే అటకమీది కర్రని అమ్మకివ్వకండి. దాని లోహపు పొన్ను నున్నటి టైల్స్ మీద జారుతుంది. ఎత్తు కూడా ఆమెది కాదు. కింద రబ్బరు బుడిపె ఉన్న కొత్త కర్ర కొనండి. చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే మణికట్టు ముడత దగ్గరికి పిడి రావాలి. నొప్పి ఉన్న కాలికి ఎదుటివైపు చేత్తో పట్టుకోవాలి.

తాతగారి కర్ర గోడమీద ఉండనివ్వండి. అది ఎవరిది, ఎక్కడిది అన్న వివరాలు ఒక కాగితం మీద రాసి దగ్గరే పెట్టండి. ఆ సంగతులు తెలిసిన పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి. కొత్తకర్ర మాత్రం ఈ ఆవకాయ రోజుల్లోనే అమ్మ చేతిలో పెట్టండి. మామిడితోట దాకా ఆవిడ కూడా దర్జాగా నడిచి వస్తుంది!